ఇల్లే కార్ఖానా అయితే

అవ్వలారా! అక్కలారా! చెల్లెండ్లారా!

రోజూ సాయంత్రం మనం ఇక్కడ కూర్చుని అక్షరాలు దిద్దుకుంటాం. ఇవాళ జరసేపు పలక పక్కన పెడదాం. మనం చేసే పని గురించి మాట్లాడుకుందాం.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఏ ఊరికి పోయినా ఒకటి కనబడుతుంది. ఆడవాళ్ల ఒడిలో చాట. చాటలో ఆకు, తంబాకు, దారం. మా అమ్మ కూడా బీడీలు చేసింది. ఆ పైసలతోనే నేను టీచర్ ట్రైనింగ్ చదివాను. అందుకే ఈ పనిని నేను తక్కువ చేసి మాట్లాడను.

మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. రైసుమిల్లు ఎక్కడ ఉంటుంది? రోడ్డు పక్కన, దానికంటూ ఒక జాగాలో ఉంటుంది. చక్కెర ఫ్యాక్టరీ? అదీ అంతే. మరి బీడీలు తయారయ్యేది ఎక్కడ? టేకేదారు దగ్గర తక్కెడ ఉంది. లెక్క పుస్తకం ఉంది. అసలు పని మాత్రం మన ఇంట్లోనే జరుగుతుంది. అంటే మన ఇల్లే కార్ఖానా. మనం వండుకునే చోటు, పండుకునే చోటు, పిల్లలకు పాలిచ్చే చోటు అదే.

1966లో బీడీ కార్మికుల కోసం ఒక చట్టం వచ్చింది. పని చేసే చోటు శుభ్రంగా ఉండాలి, గాలి రావాలి, తాగే నీళ్లు ఉండాలి అని అందులో రాశారు. మంచి మాటలే. కానీ ఆ నియమాలు కార్ఖానాలకు. సొంతిల్లు ఆ లెక్కలోకి రాదని అందులోనే రాశారు. పని ఇంటికి వచ్చింది. దుమ్ము ఇంటికి వచ్చింది. గాలీ వెలుతురూ చూసే నియమం మాత్రం గడప దాటి లోపలికి రాలేదు.

ఈ దుమ్ము ఎంతో లెక్క చేద్దాం. మీరు కూడికలు నేర్చుకున్నారు కదా! 1000 బీడీలకు సుమారు పావు కిలో తంబాకు పడుతుంది. రోజుకు 1000 బీడీలు, నెలకు 20 రోజులు. అంటే నెలకు సుమారు 5 కిలోల తంబాకు మన చేతుల మీదుగా పోతుంది. అందులో కొంత దుమ్మై లేస్తుంది. ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. అన్నంలో పడుతుంది. ఉయ్యాలలో పడుతుంది.

తంబాకులో నికోటిన్ అనే విషం ఉంది. పొగ తాగితేనే అది ఒంట్లోకి వస్తుందని అనుకుంటాం. అది తప్పు. చర్మం లోంచి కూడా వస్తుంది. చేయి తడిగా ఉంటే ఇంకా ఎక్కువ వస్తుంది. అమెరికాలో తంబాకు తోటల్లో ఆకు కోసే కూలీలకు తడి ఆకు తగిలి తల తిరుగుతుంది, వాంతులవుతాయి. మనం కూడా నానబెట్టిన ఆకును పట్టుకుంటాం. అదే చేత్తో తంబాకు తీస్తాం.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా తమ్ముడు అప్పుడు పాకే పిల్లవాడు. అమ్మ చాట కింద పెట్టి, పొయ్యి మీద అన్నం చూడటానికి లేచింది. అంతలోనే వాడు తంబాకు తీసి నోట్లో పెట్టుకున్నాడు. వాంతులయ్యాయి. ఒళ్లు చల్లబడింది. దవాఖానకు తీసుకొని ఉరికారు. బతికాడు. ఆనాటి నుంచి మా అమ్మ చాటను ఎప్పుడూ నేల మీద పెట్టలేదు.

మరి మనం ఏం చేయాలి? పని మానుకోమని నేను చెప్పను. పని చేసే తీరు మార్చుకుందాం.

ఒకటి. ఫ్యాను పెడితే తంబాకు ఎగురుతుందని తలుపులు మూసి కూర్చుంటాం. దుమ్మంతా మనమే పీలుస్తాం. పందిరి కిందనో అరుగు మీదనో కూర్చోండి. ముక్కుకు, నోటికి పలుచని బట్ట కట్టుకోండి.

రెండు. తంబాకును మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఎంత కావాలో అంతే చాటలో పోసుకోండి. డబ్బాను పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

మూడు. అన్నం తినే ముందు, పిల్లకు పాలిచ్చే ముందు సబ్బుతో చేతులు కడగండి. ఉత్త నీళ్లు చాలవు.

నాలుగు. ఆకు కత్తిరించాక మిగిలిన ముక్కలను, తంబాకు దుమ్మును కలపకండి. ఉత్త ఆకు ముక్కలను పెంటకుప్పలో వేయండి. తునికాకు గట్టిది, ఆలస్యంగా మురుగుతుంది. పేడనీళ్లు చల్లితే ఎరువవుతుంది. తంబాకు దుమ్మును మాత్రం పొయ్యిలో వేయకండి. ఆ పొగ మనకే తగులుతుంది. బావి దగ్గర, మోరీలో పారబోయకండి. టమాట, మిరప చెట్ల మొదట్లో కూడా వేయకండి. ఎండిన తంబాకులో కూడా మొజాయిక్ తెగులు దాగి ఉంటుంది. అది ఆ చెట్లకు అంటుకుంటుంది.

ఐదు. ఆకును చూసి కత్తిరించండి. ఆకు తక్కువ పడితే మన పైసలు పెట్టి కొనుక్కోవాల్సి వస్తుంది. పైగా అది అడవిలో కాసిన ఆకు. ఎండాకాలంలో మనలాంటి ఆడవాళ్లే కాల్రెక్కల కష్టంతో కోసి కట్టలు కట్టిన ఆకు. దాన్ని వృథా చేయొద్దు.

ఇవన్నీ మనం చేసుకునేవి. కానీ అంతా మన మీదనే వేసుకోవద్దు. లాభం కార్ఖానాకు, చెత్త మనకా? తంబాకు దుమ్మును తిరిగి తీసుకోమని అడగాలి. మూత డబ్బాలు ఇవ్వమని అడగాలి. ఊర్లో గాలి వచ్చే ఒక షెడ్డు కావాలని అడగాలి.

"అడిగితే రేపు బీడీలు బాగా లేవని తీసేస్తారు కదా పంతులమ్మా" అని మొన్న ఒక అవ్వ అన్నది. నిజమే. ఒక్కరు అడిగితే భయమే. నలభై మంది కలిసి అడిగితే ఎవరి బీడీలు తీసేస్తారు? నోటి మాట గాలికి పోతుంది. కాగితం మీది మాట నిలుస్తుంది. ఇదివరకు మనం వేలిముద్ర వేసేవాళ్లం. కాగితంలో ఏముందో తెలిసేది కాదు. ఇప్పుడు మనమే రాయగలం.

రేపు సాయంత్రం అందరూ పలక తెచ్చుకోండి. రేపటి పాఠం దరఖాస్తు రాయడం. ఒక్కొక్కరు ఒక్కో వాక్యం చెబుదాం. అందరం కలిసి రాద్దాం. కింద అందరం మన పేర్లు మనమే రాద్దాం.

ఇవాళ ఇంటికి పోయాక మాత్రం మూడు మాటలు గోడ మీద సుద్దతో రాయండి. గాలి. మూత. సబ్బు. పొద్దున లేవగానే మీరే చదవండి. పక్కింటి ఆమెకు కూడా చదివి వినిపించండి.

సెలవు.