విప్పి కట్టే రైలు
(మన పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ల పాఠశాల పండుగలో నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు, మాతృభాష గురించో మా కాలపు మాస్టర్ల గురించో చెబుతానని కార్యదర్శిగారు భావించి ఉంటారు. నేను బొమ్మ రైళ్ల గురించి చెప్పదలచుకున్నాను. ఈ బడిలో ఏడో తరగతి దాకా చదివి, రైలు పెట్టెల మరమ్మతు పనిలో ముప్పై నాలుగేళ్లు గడిపి, పదవీ విరమణ అనంతరం ప్లాస్టిక్ ఇటుకలతో రైళ్లు కడుతున్న వాణ్ణి నేను. ముంబయిలో స్థిరపడిన మిల్లు కార్మికుని కొడుకుకు ఇది కాస్త విచిత్రమైన వ్యసనమే. అయితే ఈ ఆటలో నేనొక తప్పు చేశాను. ఇక్కడున్న తల్లిదండ్రులు ఆ తప్పు చేయకూడదని చెప్పడానికే వచ్చాను.

ముందుగా ఈ ఇటుకల పుట్టుక చెప్పాలి. డెన్మార్క్ దేశంలో బిలుండ్ అనే చిన్న ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. ఆర్థిక మాంద్యం వచ్చి ఇళ్ల పనులు తగ్గిపోగా, ఆయన 1932లో కొయ్య బొమ్మలు చేయనారంభించాడు. ‘బాగా ఆడుకో’ అనే అర్థం వచ్చే డేనిష్ మాటలను కుదించి తన సరుకుకు లెగో అని పేరు పెట్టాడు. 1949లో ప్లాస్టిక్ ఇటుకలు వచ్చాయి కాని, లోపల డొల్లగా ఉండి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునేవి కావు. ఇటుక అడుగున గొట్టాలు అమర్చి, కింది ఇటుక గుబ్బలు ఆ గొట్టాల మధ్య బిగిసేలా చేసిన ఏర్పాటుకు ఆయన కుమారుడు గాట్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఆ సంవత్సరమే తండ్రి కాలం చేశాడు. 1960లో కొయ్య బొమ్మల గోదాము అగ్నికి ఆహుతి కాగా, ఆ సంస్థ కొయ్య పనికి స్వస్తి చెప్పింది.

మన కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చెక్కి, రంగులద్ది, పనివాడు చేయి తీశాడంటే అది పూర్తయినట్లే. దానికి ఇక చేయవలసింది లేదు, చూసి ఆనందించాలి. ఇటుకల బొమ్మ అలా కాదు. అది ఎన్నడూ పూర్తి కాదు. నేడు రైలు, రేపు వంతెన, ఎల్లుండి బడి. ఎనిమిది గుబ్బల ఇటుకలు రెండు ఒకే రంగువి తీసుకుంటే ఇరవై నాలుగు విధాలుగా కలపవచ్చు. మూడయితే 1,060 విధాలు. ఆరు ఇటుకలకు ఆ సంఖ్య 91,51,03,765కు చేరుతుందని గణితవేత్తలు లెక్కకట్టారు. తొంభై ఒక్క కోట్లకు పైమాటే! ఆరు ఇటుకలు ఒక పిల్లవాని గుప్పెట్లో పడతాయి.

ఈ అద్భుతానికి మూలం కొలత. గుబ్బకూ గుబ్బకూ నడుమ దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6, పలచని పలక ఎత్తు 3.2, మూడు పలకలు పేర్చితే ఒక ఇటుక. అయిదు పలకల ఎత్తు, రెండు గుబ్బల వెడల్పు సరిగ్గా సమానం, 16 మిల్లీమీటర్లు. అందుచేత ఇటుకను పక్కకు తిప్పి పెట్టినా లెక్క చెడదు. 1958 నాటి ఇటుక నేటి ఇటుకకు పట్టుకుంటుంది. తాత ఆడుకున్నది మనుమడి దానితో కలుస్తుంది. వర్క్‌షాపులో ఒక తరం పెట్టెల స్ప్రింగు మరో తరం వాటికి పనికిరాక అవస్థపడిన నాకు ఈ నియమం విలువ బాగా తెలుసు.

ఈ ఇటుకల రైలు 1966లో పట్టాలెక్కింది. మొదట 4.5 వోల్టుల బ్యాటరీ. 1969లో 12 వోల్టుల విద్యుత్తు, దానికి నడుమ మరో కమ్మీ. 1980లో దూరం నుంచి మార్చగల పాయింట్లు, సిగ్నళ్లు. 1991లో కమ్మీలకే లోహపు తొడుగు వేసి 9 వోల్టులు. 2006లో మళ్లీ బ్యాటరీ. 2018 నుంచి ఫోనుతో కూడా నడిపే బ్లూటూత్ పద్ధతి. ఇన్నిసార్లు ప్రాణవాయువు మారింది కాని, కమ్మీల నడుమ ఎడం మాత్రం 37.5 మిల్లీమీటర్లే. మనుషులుగా మనం కూడా నేర్చుకోదగిన నీతి ఇందులో ఉన్నది.

రైలొక్కటే కాదు. పట్టణం, కోట, అంతరిక్షం అంటూ ఒక్కొక్క ఇతివృత్తం చుట్టూ సెట్లు వచ్చాయి. చిన్న మనిషి బొమ్మలు 1978లో వచ్చి వాటిలో కాపురం పెట్టాయి. 2009 నుంచి క్రిస్మస్ మంచు గ్రామం పేర ఏటా ఒక సెట్టు విడుదలవుతున్నది. ఒక ఏడు బొమ్మల దుకాణం, మరో ఏడు తపాలా కార్యాలయం, 2016లో పండుగ రైలు. పాశ్చాత్య గృహాలలో డిసెంబరులో వాటిని తీసి బల్లపై అమర్చి, పండుగ కాగానే అటకెక్కిస్తారు. ఇది వినగానే మీకు ఏమి జ్ఞాపకం వస్తున్నది? మన బొమ్మల కొలువు! దసరాకో సంక్రాంతికో మెట్లు కట్టి, పాత బొమ్మల సరసన ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చి, కింది మెట్టు ముందు ఊరు, చెరువు, సంత అమర్చే మన అమ్మలకు ఈ విద్య ఎవరూ నేర్పనవసరం లేదు. ఏటేటా దించి, తుడిచి, మళ్లీ అమర్చడంలోనే కొలువు కొలువవుతుంది.

ఇక నా తప్పు. 2020లో లెగో వారు స్విట్జర్లాండ్ ‘మొసలి’ ఇంజనును సెట్టుగా తెచ్చారు. మొత్తం 1,271 ముక్కలు. గోథార్డ్ కొండమార్గంలో బరువులు లాగిన ఈ గోధుమరంగు ఇంజనుకు ముందొక పొడవాటి ముక్కు, వెనకొక ముక్కు, నడుమ గది. మరుసటి ఏడు మా అబ్బాయి విదేశం నుంచి వస్తూ, కొడుకు కోసం ఆ పెట్టె తెచ్చాడు. మనుమడికి అప్పుడు ఏడేళ్లు. ఇంతలో తెలిసిన వారొకరు, ‘ఇలాంటివి తయారీ ఆగిపోయాక ధర పెరుగుతుంది, సీలు తీయకండి’ అని సలహా చెప్పారు. రూపాయి రూపాయి కూడబెట్టిన ప్రాణం కదా! పెట్టెను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను.

ప్రతి ఆదివారం పిల్లవాడు బీరువా ముందు నిలబడేవాడు. ‘ఇవాళ తీద్దామా తాతా?’ అనేవాడు. ‘పరీక్షలయ్యాక’ అనేవాణ్ణి. పరీక్షలు అయ్యేవి, మళ్లీ వచ్చేవి. కొంతకాలానికి అడగడం మానేశాడు. బుద్ధిమంతుడయ్యాడని సంతోషించాను. రెండేళ్ల తరువాత, వాడి తొమ్మిదో పుట్టినరోజున, గొప్ప దానం చేస్తున్నట్లు తాళం తీసి పెట్టె చేతిలో పెట్టాను. వాడు అటూ ఇటూ తిప్పి చూసి, ‘నువ్వే కట్టుకో తాతా’ అని ఫోను పట్టుకొని వెళ్లిపోయాడు. అయ్యలారా, అమ్మలారా! బజారులో ఆ పెట్టె ధర పెరిగిందో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం దాని విలువ ఆ క్షణాన సున్నా అయింది.

దైవికంగా నాకు మరో అవకాశం దొరికింది. ఒక వానాకాలం ఆదివారం ఊరి నుంచి వచ్చిన చుట్టాలను వర్లీలోని నెహ్రూ విజ్ఞాన కేంద్రానికి తీసుకువెళ్లాము. ఆవరణలో ఒక పాత విద్యుత్ ఇంజను నిలిచి ఉన్నది. మావాడు దూరం నుంచే చూసి, ‘తాతా! మన పెట్టె మీద బొమ్మ!’ అని పరుగెత్తాడు. వాడి కన్ను పొరబడలేదు. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే వారు 1928 ప్రాంతంలో తెప్పించిన 41 ఇంజన్లలో అదొకటి. స్విస్ మొసలిని నిర్మించిన వింటర్‌తుర్ కర్మాగారమే వీటిలో కొన్నింటిని నిర్మించింది. మిగిలినవి ఇంగ్లండులోని వల్కన్ ఫౌండ్రీలో తయారైనవి. 37 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే భోర్ ఘాటులో ఇవి గూడ్సు బండ్లను లాగాయి. ఇక్కడి రైల్వే జనం వీటికి ‘ఖేక్డా’, అనగా పీత, అని పేరు పెట్టారు. అక్కడ మొసలి, ఇక్కడ పీత, ఒకే వంశం.

ఇంటికి వచ్చాక వాడే అన్నాడు, ‘మన పీతను కడదాం’ అని. పీతకు సెట్టు లేదు, పటం లేదు. మొసలి పెట్టె సీలు చించాము. అందులోని ముక్కలు, వాడి పాత డబ్బాలోని ముక్కలు కుప్ప పోశాము.

మొదట లెక్క. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. దాన్ని 37.5తో భాగిస్తే దాదాపు 45. అంటే మన రైలు అసలులో నలభై అయిదో వంతు. 3,250 మిల్లీమీటర్ల వెడల్పు గల పెట్టె 72 మిల్లీమీటర్లు, సరిగ్గా తొమ్మిది గుబ్బలు కావాలి. 21.3 మీటర్ల పెట్టెను అదే లెక్కన కడితే దాదాపు 59 గుబ్బలు, అరమీటరుకు కాస్త తక్కువ. పదహారు వంపు ముక్కలతో ఏర్పడే పట్టాల వలయానికి వ్యాసార్థం 320 మిల్లీమీటర్లే. అంత పొడవు పెట్టె అంత చిన్న వంపులో మూలలు బయటికి తోసుకొని పక్కనున్న సిగ్నలును పడగొడుతుంది. అందుకే ఈ విద్య తెలిసినవారు వెడల్పు ఒకటి రెండు గుబ్బలు తగ్గించి, పొడవు ఇంకా తగ్గించి, కంటికి అసలు రైలే అనిపించేలా కడతారు. ఏది వదలాలి, ఏది ఉంచాలి అన్న వివేకమే ఇందులోని కళ.

మా మొదటి పీత వంపులోకి రాగానే పట్టాలు తప్పింది. రెండోదీ అంతే. ముప్పై నాలుగేళ్ల అనుభవమున్న నేను చక్రాలను నిందిస్తూ కూర్చున్నాను. మావాడు కాసేపు వంగి చూసి, ‘ఇది వంగడంలేదు తాతా, మధ్యలో విరగ్గొడదాం’ అన్నాడు. ఒంటి దేహాన్ని మూడు భాగాలు చేసి కీళ్లతో కలిపాము. ముక్కులు రెండూ చక్రాలతోపాటు తిరిగాయి. నడుమ గది నెమ్మదిగా వాటిని అనుసరించింది. పీత వలయం చుట్టి వచ్చింది. కొండమార్గపు వంపుల కోసం స్విస్ ఇంజనీర్లు మొసలి దేహాన్ని విడదీసిన కారణం అదే. ఆ సంగతి నేను పాఠంగా చెప్పి ఉంటే వాడు ఆవలించేవాడు. విరగ్గొట్టి తెలుసుకున్నాడు కనుక మరచిపోడు.

మరొక లాభం నేను ఊహించనిది. లెగో సెట్లతో వచ్చే పుస్తకంలో కట్టే పద్ధతి అంతా బొమ్మలే, చదవవలసిన వాక్యాలుండవు. కావలసిన ముక్కను ఏదో ఒక పేరుతో అడగాలి కదా! మావాడు చదివేది ఇంగ్లీషు బడి; వాడి తెలుగు అన్నం, కూర, నిద్ర దాటేది కాదు. నాకేమో ముక్కల ఇంగ్లీషు పేర్లు నోరు తిరగవు. అందుచేత మా బల్ల దగ్గర గుబ్బ, పలక, ఏటవాలు, ఇరుసు, కీలు, కొక్కెం, కమ్మీ అనే మాటలు నడిచాయి. ‘ఇరుసు బిగుసుకుంది, కీలు వదులు చెయ్యి’ అని నిన్న వాడు నన్ను కోప్పడ్డాడు. ఆ కోపం నాకు ఎంత తీపిగా వినిపించిందో ఈ సభలోని వారికి వివరించనక్కరలేదు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. ఈ సెట్లు ఖరీదైనవి. అయితే మూల పేటెంటుల గడువు ఏనాడో తీరింది. అదే కొలతల ఇటుకలను ఇతరులు కూడా తక్కువ ధరకు చేస్తున్నారు. బిగువు చూసి కొనండి. మూడేళ్ల లోపు పిల్లల చేతికి చిన్న ముక్కలు ఇవ్వకండి, నోట్లో పెట్టుకుంటారు. మొదటిసారి పటం చూసి కట్టనివ్వండి. రెండోసారి పటం దాచేయండి. కట్టిన దాన్ని పిల్లలు విప్పితే ‘పాడుచేశావు’ అనకండి. అసలైన పిల్ల రైళ్ల లోకం చూపించాలంటే పుణెలో కొత్రూడ్ ప్రాంతాన జోషీ గారి సూక్ష్మ రైల్వే మ్యూజియం ఉన్నది. 1998 నుంచి ప్రజలు చూస్తున్నారు.

చివరగా, ఈ పండుగ సందర్భాన పాఠశాలకు ఒక విన్నపం. గ్రంథాలయం గదిలో కిటికీ పక్కన ఒక బల్ల ఇప్పించండి. పదహారు వంపు ముక్కల వలయం, మా పీత, నా దగ్గరున్న ఇటుకల డబ్బాలు ఈ రోజే అప్పగిస్తున్నాను. పూర్వవిద్యార్థుల ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోగా అటకల మీద పడివున్న డబ్బాలు ఎన్నో ఉంటాయి; ఏ ఏటివైనా, ఏ రంగువైనా తెచ్చివ్వండి, కలుస్తాయి. శనివారాలు వచ్చి పిల్లలతో కూర్చోవడం నా బాధ్యత. ఒకటే నియమం: ఆ బల్లకు అద్దాల మూత వద్దు, తాళం వద్దు.

తరగతిలో పిల్లలు తగ్గుతున్నారని నాకు ముందు మాట్లాడిన పెద్దలు ఆవేదన చెందారు. నా ఆవేదనా అదే. డెబ్బై అయిదేళ్లుగా ఈ బడి మన తెలుగును కాపాడింది. ఎలా కాపాడింది? బీరువాలో దాచి కాదు. ఏటేటా కొత్త పిల్లల చేతుల్లో పెట్టి, వాళ్లు తప్పులు చేస్తూ వాడుతుంటే ఓర్చుకొని. నేను రెండేళ్లు ఆలస్యంగా తాళం తీశాను. మీరు ఆలస్యం చేయకండి.