బొమ్మా? బొరుసా?



ఒక రూపాయి బిళ్ళ తీసుకోండి. పైకి ఎగరేయండి. బొమ్మ పడుతుంది, లేకుంటే బొరుసు పడుతుంది. రెండింటికీ సమానమైన వీలుంది. కాబట్టి బొమ్మ పడే వీలు రెండింటిలో ఒకటి. అంటే సగం.

మూడుసార్లు వరుసగా బొమ్మే పడ్డదనుకోండి. "ఈసారి బొరుసు పడక తప్పదు" అంటారు చాలామంది. ముందు ఏం పడ్డదో బిళ్ళకు యాదికుంటదా? ఉండదు. నాలుగోసారి కూడా వీలు సగమే.

కాన్పు లెక్క కూడా ఇట్లాంటిదే. బిడ్డ ఆడా మగా అన్నది రెండు కణాలు కలిసినప్పుడే తేలిపోతుంది. తల్లి కణంలో ఉండేది ఒకే రకం. దాని పేరు ఎక్స్. తండ్రి కణాలు రెండు రకాలు. కొన్నింటిలో ఎక్స్, కొన్నింటిలో వై. ఎక్స్ వచ్చి కలిస్తే ఆడపిల్ల. వై వచ్చి కలిస్తే మగపిల్లవాడు. రెండింటికీ వీలు దాదాపు సమానం.

మూడు కాన్పులు ఎన్ని రకాలుగా రావచ్చు? 'ఆ' అంటే ఆడ. 'మ' అంటే మగ. పలక మీద రాసి చూడండి.

ఆ ఆ ఆ – ఆ ఆ మ
ఆ మ ఆ – ఆ మ మ
మ ఆ ఆ – మ ఆ మ
మ మ ఆ – మ మ మ

మొత్తం 8 వరుసలు. అందరూ ఆడపిల్లలే ఉన్న వరుస 1. అంటే 80 మంది తల్లులకు మూడేసి కాన్పులయితే, సుమారు 10 మందికి ముగ్గురూ ఆడపిల్లలే పుడతారు. ఇందులో ఏ తల్లి తప్పూ లేదు. ఏ శాపమూ లేదు.

"ముగ్గురూ ఆడపిల్లలే. నాలుగోది కొడుకే" అని అత్త ఆశపడుతుంది. నాలుగో కాన్పుకూ వీలు సగమే. మొక్కు మొక్కినా, పసరు తాగినా సగం సగమే. కొడుకు కోసం మగడు మళ్లీ పెండ్లి చేసుకున్నా అంతే. కోడలు మారితే లెక్క మారదు. కాన్పు మీద కాన్పయితే మాత్రం తల్లి ఒంట్లో రక్తం తగ్గుతుంది. పానానికే ముప్పు వస్తుంది.

1999లో, మళ్లీ 2001లో నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు తండాల ఆడశిశువుల అమ్మకం పత్రికలకెక్కింది. పేదరికం, కట్నం భయం, కొడుకు కోసం వరుస కాన్పులు ఆ తల్లులను అక్కడిదాకా తెచ్చాయి.

కడుపులో ఉన్నది ఆడా మగా అని పరీక్ష చేసి చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం.

ఈసారి ఎవరైనా "ఆడపిల్లల తల్లి" అని ఎత్తిపొడిస్తే, ఈ 8 వరుసలు రాసి చూపండి. చేతికో రూపాయి బిళ్ళ ఇచ్చి ఎగరేయమనండి.