పదమూడు గంటల ఈత



మన మందమర్రిలో బాయి అంటే రెండు. ఒకటి నాయనలు డ్యూటీకి దిగే బొగ్గుబాయి. రెండోది మీరు ఎండాకాలం దుంకే బాయి. నేను మాట్లాడేది ఆ రెండో బాయిలో మొదలయ్యే ఈత గురించి.

గోలి శ్యామల గారి పేరు మీలో కొందరు వినే ఉంటారు. సొంతూరు కాకినాడ దగ్గరి సామర్లకోట, ఉండేది హైదరాబాద్‌లో. యానిమేషన్ సినిమాల పని చేసేవారు. ఆమె ఈత నేర్చుకున్నదే నలభై దాటినంక. 2021 మార్చి 19న శ్రీలంక ఒడ్డున నీళ్లలోకి దిగి, పాక్ జలసంధి దాటి, మన ధనుష్కోడిలో ఒడ్డెక్కారు. సుమారు 30 కిలోమీటర్లు. పట్టిన సమయం 13 గంటల 43 నిమిషాలు. 2004లో బెంగాల్ ఈతగత్తె బులా చౌధురి ఆ జలసంధి దాటారు, ఆమె తర్వాత దాటిన మహిళ ఈమే.

లెక్క వేసి చూడండి. వంద మీటర్లకు దాదాపు 2 నిమిషాల 44 సెకన్లు. మన బాయిలో ఈదే పోరగాళ్లు "గింతేనా?" అంటారు. కానీ అదే వంద మీటర్లను ఆగకుండా 300 సార్లు ఈదాలి. మధ్యలో పడవను పట్టుకుంటే ఆ ఈత చెల్లదు. పడవ మీదినుంచి అందించింది నీళ్లలో తేలుతూనే తాగాలి. ఉప్పునీళ్లకు నాలుక పూస్తుంది, జెల్లీచేపలు కుడతాయి.

ఇంకో తేడా ఉంది. బాయి ఈతలో మన తల నీళ్లపైనే ఉంటుంది, అందుకే తొందరగా మెడ గుంజుతుంది. ఫ్రీస్టైల్‌లో ముఖం నీళ్లలోనే ఉంచి, ఊపిరి లోపలే వదిలి, పక్కకు తిరిగి గాలి పీల్చాలి. ఇది చూసి వచ్చేది కాదు, నేర్పేవాళ్లు కావాలి.

చేదు మాట ఒకటి. కొలనులో 1500 మీటర్ల పందెం, అంటే 50 మీటర్ల కొలనులో 30 సార్లు, గెలవాలంటే చిన్నతనంలోనే మొదలుపెట్టాలి. ఇరవై రెండేళ్ల తమ్ముడికి అక్కడ పతకం వస్తుందని నేను చెప్పను. సముద్రపు ఈత దారి వేరు. అక్కడ వయసు కన్నా ఓర్పు ఎక్కువ పనిచేస్తుంది. ఐపీఎస్ అధికారి రాజీవ్ త్రివేది 2012లో అదే పాక్ జలసంధిని దాటారు, ఉద్యోగం చేస్తూనే.

అయితే ఓపెన్‌కాస్ట్ గుంతల్లో, ఇసుక తోడిన గోదావరి మడుగుల్లో దుంకడం ఈత సాధన కాదు. లోతు తెలియదు, ఒడ్డు జారుతుంది. శ్యామల గారి పక్కన పొద్దంతా పడవ ఉంది, మనుషులున్నారు. మన పిల్లల పక్కన ఎవరున్నారు?

ఆమె అక్కడితో ఆగలేదు. 2024 డిసెంబర్ చివర్లో విశాఖలో మొదలుపెట్టి, రోజుకు కొంత చొప్పున సుమారు 150 కిలోమీటర్లు ఈది, 2025 జనవరి మొదట్లో కాకినాడ తీరం చేరారు. అప్పటికి ఆమెకు 52 ఏళ్లు.

నేర్చుకోవాలని ఉన్నవాళ్లు, ముఖ్యంగా చెల్లెళ్లు, సభ అయినంక పేర్లు రాయించండి. పదిమందైతే కోచ్‌ను అడగడానికి మనకు నోరు ఉంటుంది.