అప్పుకు బీమా ఉంది, మరి ఇంటికి?
(అల్ సద్ సమావేశంలో చేసిన ప్రసంగం)



మన దిక్కు భూకంపాలు రావులే అనుకుంటాం. 2024 డిసెంబర్ 4న పొద్దున్నే ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలింది. హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాల్లో కూడా వచ్చింది.

ఇక్కడ ఎండలో కష్టపడి పంపిన పైసలు ఊర్లో ఇల్లుగా మారుతాయి. లోను తీసుకున్నప్పుడు బీమా చేయించాం కదా అంటారు. కాగితం తీసి చూడండి. అది మన ప్రాణానికి చేసిందైతే, మనకేమన్నా అయితే అప్పు తీరుస్తుంది. గోడలు కూలితే పైసా రాదు.

ఇంటి కోసం వేరే పాలసీ ఉంది, పేరు భారత్ గృహ రక్ష. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. భూకంపం, తుఫాను, వరద, అగ్నిప్రమాదం అన్నీ అందులోనే. స్థలం ధర కలపొద్దు. ఇల్లు మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అంత రాయించండి. ఇల్లు తాళం వేసి ఉంటే కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. పాలసీ ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకోండి.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ కాగితం ఎక్కడుందో అడగండి. లేకపోతే, ఈ నెల పంపే పైసల్లోనే దానికీ కొంత తీయండి.