మొదటి లెదర్ బాల్ బ్యాట్

ఇక్కడ ఫర్వానియాలో శుక్రవారం పొద్దున్నే ఖాళీ స్థలాల్లో టేప్ బంతితో ఆడే మన పిల్లలు పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి లెదర్ బంతికి మారతారు. అప్పుడు కొనే మొదటి బ్యాట్ గురించి నాలుగు మాటలు.

"ఎలాగూ పెరుగుతాడు కదా" అని పెద్ద సైజు కొనకండి. పిల్లాడు ఐదడుగులుంటే 6వ సైజు, ఇంకో నాలుగైదు అంగుళాలుంటే హారో సైజు. కొట్లోనే పైచేత్తో మాత్రం పిడి పట్టుకుని బ్యాట్‌ను ముందుకు చాపి నిలపమనండి. మణికట్టు వణికితే బరువెక్కువన్నమాట. కిలోంబావు బ్యాట్‌తో ఆ వయసు పిల్లలు పుల్ షాట్ సమయానికి కొట్టలేరు. అమ్మాయిలకూ ఇదే లెక్క. మొదటిదానికి కశ్మీర్ విల్లో చాలు. ఇంగ్లిష్ విల్లోతో బంతి బాగా దూసుకెళ్తుంది గానీ, ఎదిగే పిల్లలకు అంత ఖరీదు దండగ.

అసలు చిక్కు ఇక్కడి ఎండతోనే. 2016 జూలై 21న మన కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. విల్లో చెక్కలో కాస్త తేమ ఉండాలి, అది ఆరిపోతే చీలుతుంది. అందుకే బ్యాట్‌ను కారు డిక్కీలో వదిలేయకండి, ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెట్టకండి. ఆటకు దించే ముందు పచ్చి అవిసె నూనె చెంచాడు తీసుకుని బ్యాట్ ముఖానికి, అంచులకు, కింది కొసకు గుడ్డతో పల్చగా రాసి, రాత్రంతా పడుకోబెట్టండి. పిడి అతికిన చోట మాత్రం నూనె తగలనివ్వొద్దు. తర్వాత చెక్క సుత్తితో రోజూ కాసేపు, మెల్లగా మొదలుపెట్టి మొత్తం కొన్ని గంటలు కొట్టాలి. చివరగా పాత లెదర్ బంతితో చిన్న క్యాచ్‌లు ఆడించండి. చెక్క మీద కుట్టు అచ్చులు లోతుగా పడకపోతే నెట్స్‌కు పంపొచ్చు.