శ్రమ లేని యలసట



రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దల సామెత. సరిగా ఆ కార్తె నడుమనే, మే 30వ తేదీన, మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధిని గూర్చి లోకమంతయు తలచుకొను దినము వచ్చుచున్నది. ఆ దినమును నిర్ణయించినవారు మన కార్తెల నెరిగి చేసినది కాదు. కాని మన జనగామ, మానుకోట, భూపాలపల్లి సీమలలో ఈ వ్యాధి గలవారికి ఏటిలోనెల్ల కడు దుర్భరమైనవి ఆ యెండరోజులే. అది యెందుచేతనో, వారి యలసట యెట్టిదో, దానికి మాత్రలు ఎంతమట్టుకు పనిచేయునో నేడు మనవి చేయదలచితిని. నేను వైద్యుడను కాను; చిరకాలము బడిలో తెలుగు చెప్పిన పంతులను. నా యింట జరిగినది, వైద్యుల నోట విన్నది, చదివి తెలిసికొన్నది, ఈ మూడే నా మూలధనము.

నేను జనగామ ప్రాంతపు పల్లెలో పుట్టి, అచ్చటి బడులలోనే పనిచేసి, విశ్రాంతి పొందిన పిమ్మట మానుకోటలో నుండు మా పెద్దవాని యింట చేరితిని. పటములో మహబూబాబాదు అని యున్నను మాకది మానుకోటయే. మా కోడలు అచ్చటి బడిలో లెక్కలు చెప్పును. వేకువనే లేచి, వంట ముగించి, బడికి పోయి, సాయంకాలము పిల్లల కాపీలను మోసికొని వచ్చెడిది. ఒక వేసవిలో ఆమె నడవడి మారెను. బడికి సెలవులు, పని తక్కువ. అయినను పగలు పది గంటలు కాకమునుపే మంచము చేరుచుండెను. పొయ్యిమీద పప్పు పొంగిపోవుచున్నను లేవలేకుండెను. ఒకనాడు బంధువులు వచ్చియుండగా, వారును ఆమెయు వినునట్లు, "మా కాలమున ఆడవారు నాట్లు వేసి వచ్చి వంట చేసెడివారు, ఇప్పటివారికి కూర్చున్నను అలసటయే" అంటిని. ఆమె బదులు పలుకలేదు. గోడ పట్టుకొని లేచి, వచ్చినవారికి మజ్జిగ కలిపి తెచ్చెను. గ్లాసు పట్టిన చేయి వణకుచుండెను. నేను ఆ వణకును చూచియు చూడనివాడనైతిని.

అంతకు రెండేండ్ల క్రిందట ఆమెకు కుడికంటి చూపు మసకబారి, కన్ను కదల్చినపుడెల్ల నొప్పిపెట్టి, కొన్ని వారములకు సర్దుకొని యుండెను. మేము దానిని మరచితిమి. నేను ఆ మాట లనిన యేటి వానకాలమున ఆమె కాళ్లు మొద్దుబారెను. హైదరాబాదునకు పోయి ఎం.ఆర్.ఐ. తీయించగా, నాడీవైద్యుడు పాత కంటిజబ్బును క్రొత్త కాలిజబ్బును కలిపి చూచి రోగము పేరు చెప్పెను.

ఈ రోగమును 1868లో పారిస్ నగరమున షార్కో అను వైద్యుడు స్పష్టముగ వర్ణించెను. మన నాడీతంతువులపై మైలిన్ అను క్రొవ్వుపొర, కరెంటు తీగెమీది తొడుగువలె, చుట్టుకొని యుండును. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి, కావలికుక్క యింటివానినే కరచినట్లు, ఆ పొరను కొరికివేయును. మెదడునందును, వెన్నుపామునందును, కంటినాడియందును చోటుచోట మచ్చలు పడి గట్టిపడును. స్క్లెరోసిస్ అను గ్రీకుమాటకు గట్టిపడుట యనియే యర్థము. తొడుగు చెడిన తీగెలో వార్త మెల్లగా నడచును, ఒక్కొక్కచో నిలిచిపోవును. ఇతరులు తలపకయే చేయు చిన్న పనికి సయితము ఈ రోగి మెదడు హెచ్చుగా పాటుపడవలసి వచ్చును. ఈ వ్యాధి గలవారిలో చాలమందిని బాధించు లక్షణము అలసటయే.

దీనికి వేడిమి తోడైనచో చెప్పనక్కర లేదు. వ్యాయామము చేయగనే రోగి చూపు మసకబారుటను 1890లో ఊట్‌హోఫ్ అను జర్మను కంటివైద్యుడు గుర్తించెను. తొడుగు చెడిన నాడిలో, ఒంటివేడి రవంత పెరిగినను వార్త ఆగిపోవునని పిమ్మట తెలిసినది. పూర్వము రోగిని వేడినీటి తొట్టిలో కూర్చుండబెట్టి, లక్షణములు హెచ్చునా యని పరీక్షించెడివారు కూడ. మన యూళ్లలో ఆ తొట్టి అక్కరలేదు. మే నెల మధ్యాహ్నము చాలును. అయితే ఒక ధైర్యము కలదు. వేడి వలన హెచ్చిన బాధ ఒళ్లు చల్లబడగానే తగ్గును. అది క్రొత్తగా పడిన మచ్చ కాదు.

ఇక నా సిగ్గును మీ ముందుంచెదను. సుశ్రుతసంహిత శారీరస్థానమున నాలుగవ యధ్యాయము కలదు. నిద్రను గూర్చి చెప్పు ఆ ఘట్టముననే తంద్ర, ఆవులింత, క్లమము, ఆలస్యము అను వానికి వేరువేరు లక్షణములు చెప్పబడినవి. ఏ శ్రమయు చేయకయే దేహమున పుట్టి పెరుగుచు, ఆయాసపు రొప్పు లేక, ఇంద్రియముల పనిని అడ్డుకొను అలసట క్లమము. చేయగల శక్తి యుండియు, సుఖమును మరిగి కష్టమును రోసి, పనియందు ఉత్సాహము లేకుండుట ఆలస్యము. శక్తి యున్నవానికే ఆలస్యమను మాట చెల్లును; లేనివానికి చెల్లదు. నిఘంటువులు తిరుగవేసి ఇట్టి భేదములను పిల్లలకు చెప్పినవాడను, నా యింటిలో క్లమము మంచము పట్టియుండగా దానిని ఆలస్యమని పిలిచితిని. ప్రాచీనులు ఈ వ్యాధిని ఎరిగియుండిరని నేననను. కాని అలసటకును సోమరితనమునకును గల తేడాను వారు మనకంటె శ్రద్ధగా చూచిరి.

రోగము ముదురకుండుటకు ఇచ్చు మందులు వేరు. అలసటకు మాత్ర అడుగగా వైద్యుడు వెంటనే వ్రాయలేదు. రక్తము తక్కువగా నున్నదా, థైరాయిడ్ ఎట్లున్నది, బి12 విటమిను చాలినంత కలదా యని పరీక్షలు చేయించెను. రాత్రి గురక కలదా, మూత్రమునకు ఎన్నిమారులు లేచును, కండరాల బిగువుకు వాడు మందు మత్తు కలిగించుచున్నదా, మనసు క్రుంగినదా యని ప్రశ్నించెను. ఇవి అన్నియు అలసటను పెంచునవే. తెలిసిన కారణమునకు తగిన చికిత్స ముందు. ఆమె రాత్రి నాలుగుమారులు లేచుచున్న సంగతి అప్పుడే మాకు తెలిసినది. దానికి మందిచ్చి నెల చూచిన పిమ్మట, మిగిలిన పగటి మత్తుకు మోడాఫినిల్ అను మాత్ర, 100 మిల్లీగ్రాములు, ఉదయము మాత్రమే వేసికొనుమని వ్రాసెను.

ఈ మందు ఫ్రాన్సు దేశమున రూపొందినది. కూర్చున్నచోటనే ఆపుకొనలేని నిద్ర ముంచుకొనివచ్చు నార్కొలెప్సీ అను రోగమునకు 1998లో అమెరికా ప్రభుత్వము దీనిని అనుమతించెను. 2010లో ఐరోపా ఔషధసంస్థ, ఆ యొక్క రోగమునకే దీనిని పరిమితము చేయుమని సలహా యిచ్చెను. మల్టిపుల్ స్క్లెరోసిస్ అలసటకు దీనిని వైద్యులు తమ వివేకముతో వ్రాయుచున్నారే కాని, ప్రత్యేకించి దానికై పుట్టిన మందు కాదు.

పనిచేయునా? పరిశోధనలు ఒక్క మాట చెప్పవు. 2002లో అమెరికాలో రామమోహన్ అను వైద్యుడును ఆయన తోటివారును 72 మందిని పరిశీలించి, 200 మిల్లీగ్రాములతో అలసట తగ్గినదనిరి. 400తో ఆ మేలు కనబడలేదు. 2005లో ఫ్రాన్సున 115 మందిని పరీక్షింపగా, మందు లేని ఉత్తుత్తి మాత్రకును దీనికిని తేడా తేలలేదు. 2021లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో 141 మందికి మోడాఫినిల్, అమాంటడిన్, మిథైల్‌ఫెనిడేట్, ఉత్తుత్తి మాత్ర, ఈ నాలుగింటిని వంతులవారీగా ఇచ్చిరి. మూడు మందులలో నేదియు ఉత్తుత్తి మాత్రను మించలేదు. అవాంఛిత ఫలములు మాత్రము హెచ్చినవి. అయితే పగటినిద్ర అధికముగా గలవారికి కొంత మేలు కలిగిన జాడ అందు కలదు. 2024లో వెలువడిన మరియొక పరిశోధనలో 300 మందికి పైగా రోగులను మూడు భాగములు చేసిరి. కొందరికి మోడాఫినిల్, కొందరికి ఆలోచనలను, దినచర్యను దిద్దుకొనుట టెలిఫోనులో నేర్పు చికిత్స, కొందరికి రెండును. మూడు తెగలవారికిని అలసట దాదాపు ఒక్కరీతిగనే తగ్గినది.

మా యింటి యనుభవము దీనికి దూరము కాదు. మొదటివారమున ఆమె మధ్యాహ్నము మేలుకొని కాపీలు దిద్దగలిగెను. మేమందరము పండుగ చేసికొంటిమి. నాలుగవ నాడు ఉదయము మరచి, మధ్యాహ్నము మూడింటికి మాత్ర వేసికొనెను. ఆ రాత్రి కంటికి కునుకు లేదు. మరునాడు తలనొప్పి, వికారము, మునుపటికంటె రెట్టింపు అలసట. నేను కారణ మడుగగా ఆమె, "మామయ్యా, మాత్ర నిద్రను ఆపుచున్నది కాని కాళ్లకు బలము నిచ్చుట లేదు" అనెను. నాకు వెంటనే దీపము తలపునకు వచ్చెను. వత్తిని ఎగదోసినచో వెలుగు హెచ్చును, చమురు హెచ్చదు. చమురు కొంచెముగా నున్నపుడు వత్తిని ఎగదోయుచు పోయినవాడు తెల్లవారకమునుపే చీకటిలో కూర్చుండును.

ఈ మాటనే మా మేనల్లునికి చెప్పవలసివచ్చెను. వాడు భూపాలపల్లిలో సింగరేణి గనిలో పనిచేయును. రాత్రి షిఫ్టు దినములలో వానికి నిద్ర ఆగదు. ఈ మాత్ర సంగతి విని, "మామా, నాకును నాలుగు ఇప్పించుము" అనెను. షిఫ్టుపనివారి నిద్రమత్తుకు కూడ ఈ మందును అమెరికాలో తరువాత అనుమతించిన మాట నిజమే. కాని ఒకరికి వ్రాసిన మాత్ర మరియొకరు మ్రింగరాదు. రక్తపుపోటు, గుండెజబ్బు గలవారికి ఇది కీడు చేయవచ్చును. అరుదుగా ఒంటిపై ప్రమాదకరమైన దద్దురులు లేచును. లేచిన క్షణమే మాత్ర మాని వైద్యుని చూడవలెను. గర్భనిరోధక మాత్రలు వాడు స్త్రీలకు ఇది వాని బలమును తగ్గించును. మానిన తరువాత కూడ కొంతకాలము ఆ ప్రభావ ముండును. గర్భిణులు దీనిని వాడరాదు. మేనల్లుడు వైద్యునియొద్దకు పోయెను. పగలు చీకటిగదిలో ఏడుగంటలు నిద్రించుటయే వానికి ఆయన చెప్పిన మొదటి మందు.

అయిన చమురును కాపాడుట యెట్లు? వైద్యుడు మా కోడలిచేత రెండువారములు ఒక పుస్తకములో గంటగంటకు అలసటను సున్న మొదలు పదివరకు అంకెలతో వ్రాయించెను. లెక్కల పంతులమ్మ కదా, చక్కగా వ్రాసెను. ఉదయము పదివరకు శక్తి యుండి, పండ్రెండు మొదలు నాలుగువరకు అడుగంటుచున్నట్లు తేలెను. అందుపై దినచర్యను మార్చితిమి. వంట సూర్యోదయమునకు మునుపే ముగియును. మధ్యాహ్నము పొయ్యి వెలుగదు. కూరలు తరుగునది నేను, కూర్చుండి. అలసిన పిమ్మట కాక, అలయకమునుపే ఇరువది నిమిషములు విశ్రాంతి. ఎండకు పోకమునుపు చల్లనీటి స్నానము, మెడపై తడిగుడ్డ, చేతిలో చల్లని నీళ్లు. సాయంకాలము చల్లబడినపుడు ఓపిక మేరకు నడక. ఎల్లప్పుడు పడుకొనియుండుట కూడ అలసటను పెంచును. మాత్రను వైద్యుని యనుమతితో పరీక్షల దినములవంటి వానికే, ఉదయమున మాత్రమే, వాడుచున్నది.

బడి సంగతియు చెప్పవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పేర్కొన్న 21 విధముల వైకల్యములలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒకటి. ప్రభుత్వ సంస్థలు అట్టి ఉద్యోగులకు తగిన సౌకర్యము కల్పింపవలెనని ఆ చట్టము విధించుచున్నది. వైద్యుల ధ్రువపత్రముతో గుర్తింపుకార్డు పొందవచ్చును. 1985లో ముంబయిలో స్థాపితమైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదున శాఖ కలదు. రోగులకును ఇంటివారికిని అది తోడుపడుచున్నది. మా కోడలు కోరిన సౌకర్యము పెద్దది కాదు. తరగతిని మేడమీదనుండి క్రిందికి మార్చుట, గణితపు గంటలను ఉదయమునకు జరుపుట. ప్రధానోపాధ్యాయుడు రెండును చేసెను. ఖర్చు ఏమియు కాలేదు.

శ్రోతలారా, ఈ రోగి ముఖమున రోగము కనబడదు. కట్టు లేదు, పుండు లేదు, జ్వరము లేదు. కనుకనే ఇంటివారి నమ్మకము మాత్రకంటె ముందు అందవలసిన మందు. మీ యింట ఎవరైన పని లేకయే అలసినామని పలుమారు చెప్పినచో, సామెతలు చెప్పక, వైద్యునియొద్దకు తీసికొనిపొండు. చూపు మసకబారి సర్దుకొన్నను, కాలుసేతులు మొద్దుబారి సర్దుకొన్నను, ఆ సంగతిని మరువక వైద్యునికి చెప్పుడు.

మరుసటి వేసవిలో ఆ బంధువులే మరల వచ్చిరి. మా కోడలు లోపలిగదిలో పడుకొని యుండెను. వారిలో పెద్దామె, "కోడలు ఇంకను లేవలేదా?" అని యడిగెను. "లేవలేదు, దానికి ఇది విశ్రాంతివేళ. పోయినమారు నేనన్న మాట తప్పు" అని చెప్పి, మజ్జిగ నేను కలిపి తెచ్చితిని. ఉప్పు కొంచెము ఎక్కువైనది. ఎవరును ఏమియు అనలేదు.