కౌనాస్ బుట్టబంతి: వలసబిడ్డలు తెచ్చిన విద్య
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల ఉత్సవ సభలో దూరదేశపు ఆటల ప్రసంగమెందుకని కొందరికి తోచవచ్చును. కాని బాస్కెట్‌బాల్ అనే క్రీడ పుట్టినదే ఒక విద్యాలయంలో. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాల అధ్యాపకుడైన జేమ్స్ నైస్మిత్, చలికాలంలో విద్యార్థులు నాలుగు గోడల మధ్య ఆడుకొనేందుకు దీనిని రూపొందించాడు. రెండు పీచ్ పండ్ల బుట్టలను ఎత్తున బిగించి, బంతిని వాటిలో వేయమన్నాడు. బుట్టబంతి అన్న తెలుగు మాట ఆ పండ్ల బుట్టలను నేటికీ జ్ఞాపకం చేస్తున్నది.

ఆ ఆట సముద్రం దాటి ఐరోపాకు చేరింది. 1932లో జెనీవాలో ఎనిమిది దేశాలు కలిసి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్యను స్థాపించాయి. 1935లో అదే నగరంలో ఐరోపా దేశాల జాతీయ జట్ల మధ్య తొలి ఛాంపియన్‌షిప్ జరిగింది. పది జట్లు పాల్గొన్న ఆ పోటీలో బాల్టిక్ సముద్ర తీరాన గల చిన్న దేశం లాట్వియా అంతిమ పోటీలో స్పెయిన్‌ను 24–18తో ఓడించి విజేత అయింది. కావున తరువాతి ఛాంపియన్‌షిప్ 1937లో లాట్వియా రాజధాని రీగాలో జరిగింది. అక్కడ జరిగిన విశేషమే ఈ ప్రసంగానికి మూలం.

లాట్వియాకు దక్షిణాన పొరుగుదేశం లిథువేనియా. నేటికీ ఆ దేశ జనాభా ముప్పై లక్షలకు లోపే. అయినను ఆ ప్రజలకు తమ భాషపై గల మమకారం అపారం. 1864 నుండి 1904 వరకు, నలభై సంవత్సరాలు, రష్యా చక్రవర్తుల ప్రభుత్వం లిథువేనియన్ భాషను లాటిన్ లిపిలో అచ్చువేయడాన్ని నిషేధించింది. అప్పుడు సరిహద్దు ఆవల ప్రష్యాలో పుస్తకాలు అచ్చు వేయించి, రాత్రివేళ మూటగట్టి, ప్రాణాలకు తెగించి దేశంలోనికి చేరవేసిన సామాన్యులు ఉన్నారు. పుస్తకవాహకులని వారికి పేరు. పట్టుబడినవారికి చెర, సైబీరియా ప్రవాసం తప్పలేదు. ఆ దినాలలోనే దారిద్ర్యం వల్ల, రాజ్యపీడన వల్ల వేలాది కుటుంబాలు అమెరికాకు వలస వెళ్లాయి. గనులలోను, షికాగో వంటి నగరాల కర్మాగారాలలోను శ్రమిస్తూనే తమ చర్చిలు, సంఘాలు, పత్రికలు, పాఠశాలలు నెలకొల్పుకొని మాతృభాషను నిలుపుకొన్నాయి.

1918లో లిథువేనియా స్వతంత్రమైంది. విల్నియస్ నగరం పోలండు చేతిలో ఉన్నందున కౌనాస్ తాత్కాలిక రాజధాని అయింది. అక్కడి యువకులు బాస్కెట్‌బాల్ నేర్చినారు గాని ప్రావీణ్యం చాలలేదు. ఆ లోటు తీర్చినవారు వలస వెళ్లిన కుటుంబాల బిడ్డలే. షికాగోలో జన్మించిన ఫెలిక్సస్ క్రియౌచూనస్ తల్లిదండ్రుల దేశానికి వచ్చి, 1937లో జట్టుకు శిక్షకుడై, క్రీడాకారుడై రీగా నగరానికి వెళ్లాడు. ఎవరూ లెక్కలోనికి తీసుకోని లిథువేనియా అంతిమ పోటీలో ఇటలీని 24–23తో, ఒకే ఒక పాయింటు తేడాతో జయించింది. కౌనాస్ వీధులు పండుగ చేసుకొన్నాయి.

విజేతకే ఆతిథ్యమన్న ఆనవాయితీ ప్రకారం 1939 ఛాంపియన్‌షిప్ కౌనాస్‌కు దక్కింది. కాని ఆ నగరంలో తగిన క్రీడాభవనం లేదు. ఇంజనీరు అనటోలియస్ రోజెన్‌బ్లూమస్ రూపకల్పనలో నెలల వ్యవధిలోనే ఒక భవనం లేచింది. ప్రత్యేకించి బాస్కెట్‌బాల్ కోసం ఐరోపాలో కట్టిన మొదటి భవనం అదేనని ప్రసిద్ధి. 1939 మే నెలలో ఎనిమిది జట్లు అక్కడకు వచ్చాయి. ఏడాది ముందు వరకు లిథువేనియాతో దౌత్య సంబంధాలే లేని పోలండు సైతం వచ్చి ఆడి, మూడవ స్థానం పొందింది.

ఆ జట్టుకు నాయకుడు ప్రానస్ లుబినస్. లాస్ ఏంజెలిస్‌లో లిథువేనియన్ దంపతులకు పుట్టినవాడు. అమెరికాలో ఫ్రాంక్ లూబిన్ అని పేరు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ తొలిసారి పతకక్రీడ అయినప్పుడు స్వర్ణపతకం గెలిచిన అమెరికా జట్టులో ఉన్నవాడు. ఆ పోటీల తరువాత ఆహ్వానం అందగా పితృదేశానికి వచ్చి, తాను నేర్చినది అక్కడి యువకులకు నేర్పాడు. కౌనాస్‌లో మొదటి పోటీ పాత విజేత లాట్వియాతో. చివరి క్షణాలలో లుబినస్ వేసిన బంతితో లిథువేనియా 37–36తో గట్టెక్కింది. ఆపై ఆడిన పోటీలన్నింటిలోను గెలిచి, ఏడింటికి ఏడు విజయాలతో మరల ఐరోపా విజేతగా నిలిచింది.

ఇక్కడ ఒక ధర్మసందేహం పుట్టింది. అమెరికాలో పుట్టి, అమెరికాలో ఆట నేర్చి, అమెరికా పక్షాన పతకం గెలిచినవాడు లిథువేనియా వాడెట్లా అవుతాడు? స్వదేశంలో పెరిగిన కుర్రవాళ్లను నమ్ముకొని వచ్చిన పొరుగు జట్లకు ఇది అన్యాయం కాదా? ఆనాడు వినవచ్చిన ఈ విమర్శను తేలికగా తోసివేయరాదు. రక్తసంబంధం ఒక్కటే చాలునంటే ఆటకు నియమమంటూ మిగలదు. పుట్టిన నేల ఒక్కటే చాలునంటే, ఇంటిలో తల్లి నేర్పిన భాషకు విలువ లేకుండా పోతుంది. ఈ చిక్కు నేటికీ తీరలేదు. పదహారేళ్లు నిండిన తరువాత పౌరసత్వం పొందిన ఆటగాళ్లలో ఒక్కరిని మాత్రమే జట్టులో అనుమతించే నిబంధనను అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకొన్నది. 2017లో ఐరోపా విజేత అయిన స్లొవేనియా జట్టులో ఆంథొనీ రాండాల్ఫ్ అనే అమెరికా ఆటగాడు ఆ విధంగా ఆడినవాడే.

లుబినస్ విషయంలో సమాధానం చెప్పినది నియమావళి కాదు, ఆ తరువాతి చరిత్ర. 1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. లుబినస్ అమెరికాకు మరలిపోయాడు. 1940లో సోవియట్ సైన్యం లిథువేనియాను ఆక్రమించింది. మధ్యలో జర్మన్ ఆక్రమణ, తిరిగి సోవియట్ పాలన. లక్షకు పైగా ప్రజలు సైబీరియా మొదలైన ప్రాంతాలకు బహిష్కృతులయ్యారు. విజేతలైన ఆటగాళ్లలో పలువురు దేశం విడిచిపోయారు. ప్రపంచపటంలో ఆ దేశం పేరే లేకపోయింది. అరువు తెచ్చిన విద్యే అయితే ఆ ఆట అక్కడితో అంతరించి ఉండవలసింది.

అంతరించలేదు. 1947లో ప్రేగ్ నగరంలో సోవియట్ యూనియన్ తొలిసారి ఐరోపా ఛాంపియన్‌షిప్‌లో పాల్గొని గెలిచినప్పుడు, ఆ జట్టులో స్టెపస్ బుతౌతస్ మొదలైన లిథువేనియన్లు ఉన్నారు. సోవియట్ జట్టు మొత్తం పద్నాలుగు పర్యాయాలు ఐరోపా విజేత అయింది. 1985, 1986, 1987 సంవత్సరాలలో వరుసగా మూడు మార్లు కౌనాస్‌కు చెందిన జాల్గిరిస్ జట్టు మాస్కో సైనిక జట్టును ఓడించి సోవియట్ యూనియన్ విజేత అయినప్పుడు, పైకి అనలేని మాటను ప్రజలు ఆ గెలుపులో విన్నారు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన సోవియట్ జట్టులో అర్విదస్ సబోనిస్, షరూనస్ మార్చ్యులోనిస్, రిమస్ కుర్తినైటిస్, వల్దెమరస్ హొమిచ్యుస్ అనే నలుగురు లిథువేనియన్లు ముఖ్యస్తంభాలు. వీరెవరూ షికాగోలో ఆట నేర్చినవారు కారు. స్వదేశపు పాఠశాలలలో, క్రీడాసంఘాలలో పెరిగినవారు. లుబినస్ నాటిన మొక్క వారి కాలానికి పెరటి చెట్టయింది.

1990 మార్చి 11న లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో తన సొంత పతాకం క్రింద ఆడి, నిన్నటి సహచరులు గల పూర్వ సోవియట్ దేశాల ఉమ్మడి జట్టును 82–78తో ఓడించి కాంస్యం పొందింది. 1995లో ఏథెన్స్‌లో ఐరోపా అంతిమ పోటీకి చేరి, యుగోస్లావియా చేతిలో 96–90తో ఓడింది. చివరకు 2003 సెప్టెంబరులో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో స్పెయిన్‌ను 93–84తో గెలిచి, షరూనస్ యసికెవిచ్యుస్ ప్రతిభతో మూడవసారి ఐరోపా విజేత అయింది. రెండవ విజయానికీ మూడవదానికీ మధ్య గడిచినవి అరవై నాలుగు సంవత్సరాలు.

ఆపై 2011లో ఛాంపియన్‌షిప్ మరల లిథువేనియాకు వచ్చింది. ఈ పర్యాయం ఇరవై నాలుగు జట్లు. దేశమంతా విజయం కోసం ఎదురుచూసింది. క్వార్టర్ ఫైనల్‌లో మాసిడోనియా 67–65తో ఆ ఆశను అడియాస చేసింది. అయినను రెండేళ్లకే, 2013లో ఆ జట్టు ఐరోపా రజతం గెలుచుకొన్నది, 2015లోనూ రజతమే. నేర్పేవారు, నేర్చేవారు ఉన్నచోట ఒక ఓటమి చివరి మాట కాజాలదు. 1939లో కట్టిన ఆ క్రీడాభవనం కౌనాస్‌లో నేటికీ నిలిచి ఉన్నది.

సభాసదులారా, పుట్టిన రాష్ట్రానికి వెలుపల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లుబినస్ ఎదుర్కొన్న ప్రశ్న కొత్త కాదు. ఉన్న ఊరిలో పరాయి భాషవారు. పూర్వుల ఊరికి వెళితే యాస వేరైన చుట్టాలు. ఎవరి లెక్కలోనివారని అడిగేవారు ఇరువైపులా ఉంటారు. ఆ ప్రశ్నకు లుబినస్ వాదంతో జవాబు చెప్పలేదు. తనకు వచ్చిన విద్యను పదిమంది పిల్లలకు నేర్పాడు, ఆ పిల్లల పిల్లలు జవాబు చెప్పారు. డెబ్బై ఐదు సంవత్సరాలుగా ఈ పాఠశాలలో పలక పట్టించిన ప్రతి ఉపాధ్యాయుడు, ఇంగ్లీషు మాధ్యమం పిలుస్తున్నా బిడ్డను ఇక్కడికే పంపిన ప్రతి తల్లి, ప్రతి తండ్రి చేసినది అదే పని. పూర్వ విద్యార్థులలో దూరదేశాలకు వెళ్లినవారు తాము నేర్చిన విద్యలో కొంత ఈ ప్రాంగణానికి తిరిగి తేగలిగితే, ఆటస్థలంలో గాని తరగతి గదిలో గాని, ఆ ఫలం వారు లేని రోజున కూడ కాస్తుంది.

పాఠశాల శతజయంతిని ఇదే ప్రాంగణంలో, ఇదే భాషలో ఈనాటి పసిపిల్లలు జరుపుకొందురుగాక. స్వస్తి.